అద్దకం గుట్టు ఎవరి ఖాతాలో?

తెలిసింది తోటి ఉద్యోగికి చెప్పనివాణ్ణి స్వార్థపరుడు అనేస్తాం. నాకు మాత్రం అది కూలి లెక్కగానే కనిపిస్తుంది. బందరు పక్కన పెడన కలంకారీనే చూడండి. పాత ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడితే నల్లరంగు కషాయం తయారవుతుంది. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద దాంతో అచ్చు వేస్తే నలుపు తేలుతుంది. ఈ పదార్థాల పేర్లు ఊరందరికీ తెలుసు. కషాయం ఎన్నో రోజుకు పదునుకొచ్చిందో, పటిక అద్దిన చోట ఎరుపు తేలడానికి ఎంత ఉడుకు చాలో మాత్రం పక్కన నిలబడి చూస్తేనే పట్టుబడుతుంది, రాసిస్తే రాదు. పీసు లెక్కన కూలి పడే చోట, పక్కవాడికి చూపించిన ఆ గంట ఎవరి ఖాతాలో రాయాలి?

చెప్పేస్తే గుట్టు బయటికి పోదా అంటారు. పోతుంది, పోయింది కూడా. ఫ్రెంచి జెసూట్ పాదరీ కూర్దూ 1742లోనే కోరమాండల్ తీరపు అద్దకం పద్ధతిని ఉత్తరంలో రాసి స్వదేశానికి పంపాడు. అయినా ఈ పనికి అసలు దెబ్బ యంత్రాల అచ్చుతోనూ, ఈ మధ్య స్క్రీన్ ప్రింటింగుతోనూ తగిలింది. గుట్టు దాచుకున్నా వాటిని ఆపగలిగేది కాదు. ఇంకో అభ్యంతరం గట్టిది: నేర్చుకున్న కుర్రాడే తక్కువ కూలికి నా చోటికొస్తే? దానికి శాలువా, సన్మానం జవాబు కావు. నేర్పిన పూటకు కూలి, నేర్పినవాడి పనికి భరోసా యజమానే ఇవ్వాలి. అప్రైజల్‌లో పక్కవాణ్ణి దాటమంటూనే వాడికి అన్నీ నేర్పమనే ఏసీ గదుల కంపెనీలకూ ఇదే లెక్క.