రెండాటల రామస్వామి

జర ఇటు రాండ్రి, ఓ ముచ్చట చెప్తా. పొయ్యి మీద పాలున్నయా? ఉండనియ్యిండ్రి, తొందరగనే ఇడిసిపెడ్త.

మన కాజీపల్లిల పొద్దటి షిఫ్టు దిగిన పోరగాండ్లను చూడున్రి. కంపెనీ బట్టలు గూడ మార్చకుంట క్రికెట్ మొదలువెడ్తరు. వికెట్లంటే మూడు ఇటుకలు. లారీ వస్తే ఇటుకలు జరుపుతరు, అది పోంగనే మళ్ల నిలవెడ్తరు. బంతేమో టెన్నిస్‌ది. టెన్నిస్ బంతితోని క్రికెట్! గది చూసినప్పుడల్లా నాకు కోటా రామస్వామే యాదికొస్తడు.

ఎవరాయన అంటున్నరా? సచిన్ సెంచరీలైతే నిద్రల లేపి అడిగినా చెప్తరు. మన తెలుగాయన పేరు చెప్తే నోరెల్లబెడ్తరు. ఇదేం న్యాయం?

దేశానికి రెండాటలాడేటోళ్లు ఇంగ్లండోళ్లకు కొత్తగాదు. ఆర్థర్ మిల్టన్ ముందుగాల దేశానికి ఫుట్‌బాల్ ఆడిండు. 1958ల క్రికెట్‌లకొచ్చి మొదటి టెస్టులనే సెంచరీ కొట్టిండు. ఆటలు బందైనంక బ్రిస్టల్‌ల సైకిలేసుకొని ఉత్తరాలు పంచిండు. మస్తుంది గదా!

మనాయన లెక్క వేరే. 1896ల మద్రాసుల పుట్టిండు. నాయన బుచ్చిబాబు నాయుడు. ఆయన పేరు మీద ఇప్పటికీ టోర్నమెంటు నడుస్తది. కొడుకేమో తల్లిగారి తాతకు దత్తు పోయి కోటా అయిండు. 1922ల మన దేశానికి డేవిస్ కప్ టెన్నిస్ ఆడిండు. మళ్ల 1936ల, నలభై నిండినంక, ఇంగ్లండ్‌ల టెస్టు క్రికెట్! నలభై దాటితే మనకు రెండో అంతస్తు ఎక్కుడే ఆయాసం, అబద్ధమా? ఎడమచేతి బ్యాటింగు. మాంచెస్టర్‌ల 40, 60. ఓవల్‌ల 29, మళ్ల 41 నాటౌట్. రెండే టెస్టులు, 170 పరుగులు, సగటు 56 పైనే.

కెప్టెనెవరు? విజయనగరం విజ్జీ. ఆయన బ్యాటింగు సంగతి ఇప్పుడెత్తొద్దు, మీ పాలు పొంగుతయి.

నడుమ యుద్ధమొచ్చింది. మన జట్టుకు మళ్ల టెస్టు దొరికేసరికి 1946. అప్పటికి రామస్వామికి యాభై. లేకుంటే ఇంకెన్ని కొట్టేటోడో! తన కథ తనే రాసుకున్నడు, ఆటల పిచ్చోణ్ణని పుస్తకం పేరులనే ఒప్పుకున్నడు. 1985ల, 89 ఏండ్ల వయసుల, మద్రాసుల ఇంట్లకెల్లి ఎటో పోయిండు. మళ్ల జాడ లేదు.

ఇంత చెప్పినా మా ఇంటాయన అడుగుతడు, రెండిట్ల ఆయనకు ఏదెక్కువ ఇష్టమని. బిర్యానీనా, హలీమా అన్నట్టుంది. రెండూ తింటం, నీకేం నొప్పి?