తాపీ తీరాన విశ్రాంత జీవితం

“భోజనం సూరత్‌లో, మరణం కాశీలో” అని గుజరాతీలలో ఒక నానుడి ఉన్నది. ఆ రెండింటికీ నడుమ వచ్చే వృద్ధాప్యాన్ని ఎక్కడ గడపాలో మాత్రం నానుడి చెప్పలేదు. పదవీ విరమణ చేసిన రెండేళ్ళకు ఆ ప్రశ్న మా గుమ్మంలోకి వచ్చి నిలిచింది. ఉద్యోగరీత్యా సూరత్‌లో స్థిరపడిన మా అబ్బాయి, రాజమహేంద్రవరంలోని ఇల్లు అమ్మివేసి తన దగ్గరకే వచ్చేయమని పట్టుబట్టాడు.

అమెరికాలో ఎందరో పదవీ విరమణానంతరం తక్కువ ఖర్చుతో బతకవచ్చునని మెక్సికో, పోర్చుగల్ వంటి దేశాలలో కాపురం పెడుతుంటారు. వారి సోషల్ సెక్యూరిటీ పింఛను చాలా దేశాలకు చేరుతుంది. కాని మెడికేర్ అనే వైద్య బీమా సాధారణంగా ఆ దేశపు ఎల్లలు దాటదు. మనం దాటేది రాష్ట్రపు ఎల్లలే అయినా ప్రశ్నలు అవే. పింఛను అక్కడ అందుతుందా? జబ్బు చేస్తే దిక్కెవరు? వైద్యుడికి నొప్పిని ఏ భాషలో చెప్పుకోవాలి? నిర్ణయానికి ముందు ఒక మాసం ఉండి చూద్దామని గత శీతకాలంలో నేనూ, నా శ్రీమతీ ప్రయాణమయ్యాము.

విజయవాడలో సాయంకాలం నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వరంగల్, బల్హార్షా, వార్ధా, భుసావళ్ మీదుగా మరునాడు మధ్యాహ్నం దాటాక సూరత్ చేరవచ్చు. వయోవృద్ధులకు రైల్వేవారు ఇచ్చే రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది కనుక పూర్తి టిక్కెట్టే కొన్నాము. ఏడాదికి రెండుసార్లు రాకపోకలు పెట్టుకుంటే ఎంతవుతుందో దారిలోనే లెక్క వేసి, వెంట తెచ్చుకున్న నోటుపుస్తకంలో మొదటి పద్దుగా రాశాను.

సూరత్ మనకు మరీ పరాయి ఊరు కాదు. ఆంగ్ల వర్తకులు 1611లో మన మచిలీపట్నంలో అడుగు పెట్టి, ఆ వెంటనే సూరత్‌లోనూ కోఠీ నెలకొల్పారు. రెండు రేవులనూ వారికి ప్రియం చేసినది నేతగుడ్డయే. నేటికీ సూరత్ బతుకుతెరువు వస్త్రమూ, వజ్రమూను. వీటికి తోడు 1980వ దశకంలో హజీరా తీరాన సహజవాయువు, ఎరువుల కర్మాగారాలు వెలిశాయి. నాతో పాటు ఉద్యోగంలో చేరిన మిత్రుడొకరు ఆ రోజుల్లోనే మన సంస్థ విడిచి హజీరాకు వెళ్ళి, అక్కడే విరమణ చేసి, అడాజణ్ ప్రాంతంలో ఇల్లు కొనుక్కున్నారు. మా అబ్బాయి నివాసమూ ఆ పక్కనే. నా సందేహాలన్నీ ఆయన ముందు పెట్టాను.

“గురువుగారూ, పింఛను గురించి బెంగ వద్దు. అది ఇప్పుడు మన వెంటే వస్తుంది” అన్నారాయన. నిజమే. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం క్రింద ఉన్నవారు ఊరు మారితే కాగితాలు ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి బదిలీ చేయించుకోవలసి వచ్చేది. 2025 జనవరి నుంచి దేశంలో ఏ బ్యాంకు శాఖలోనైనా ఆ పింఛను తీసుకునే ఏర్పాటు జరిగింది. మనం జీవించి ఉన్నామన్న ధ్రువపత్రాన్ని కూడా 2014 నుంచి వేలిముద్రతో ఎక్కడి నుంచైనా పంపవచ్చు. వైద్యం సంగతి వేరు. విరమణ చేసినవారికి సంస్థ కల్పించే వైద్య సదుపాయానికి ఆ ఊళ్ళో ఏ ఆసుపత్రులు ఒప్పందంలో ఉన్నాయో ముందే జాబితా చూసుకోవాలి. ఈ జాగ్రత్త తీసుకోనందుకు మిత్రుడు ఒకసారి గుండెనొప్పితో చేరిన చోట మొత్తం సొమ్ము ముందుగా చెల్లించి, దానిని రాబట్టుకోవడానికి ఎనిమిది నెలలు తిరిగారట.

ఇల్లు ఎంచుకోవడంలో ఆయన చెప్పినది నేను ఊహించనిది. మోకాళ్ళ నొప్పులవారు క్రింది అంతస్తు కోరుకోవడం సహజం. ఆయనా అలాగే కొన్నారు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి నగరంలో అధిక భాగం మునిగిపోయింది. ఆయన ఇంట నీరు కిటికీలు దాటింది. పైఅంతస్తులోని గుజరాతీ కుటుంబం తాడుతో వారిని పైకి లాగి, మూడు రోజులు అన్నం పెట్టింది. “ఆ పైవాళ్ళను వదిలి వెళ్ళలేకనే ఇక్కడ ఉండిపోయాను” అన్నారాయన. మా అబ్బాయి ఉండేది ఏడో అంతస్తు. వరద భయం లేదు గాని, లిఫ్టు ఆగిన రోజున మాకు వీధి దర్శనమే లేదు. నోటుపుస్తకంలో రెండు వైపులా రాశాను.

ఇక వంటింటి విషయం. గుజరాతీల పప్పులో బెల్లం పడుతుంది. మన నాలుకకు అది ఒక పట్టాన అలవాటు కాదు. అయినా శీతకాలపు సూరత్ తిండిని మెచ్చుకోక తప్పదు. ఉంధియు అనే కలగూర, ఆవిరి మీద ఉడికించిన లోచో, అన్నింటికీ మించి పోంక్. లేత జొన్నకంకులను నిప్పుల మీద కాల్చి రాల్చిన గింజలవి. మన పల్లెల్లో ఊచబియ్యం అని తిన్నదే, ఇక్కడ సన్నని కారప్పూసతో కలిపి కాగితపు పొట్లంలో దొరికింది. కరివేపాకును వీరు ‘మీఠో లీమ్‌డో’ అంటారు. కొత్తిమీర మాత్రం ‘కోథ్‌మీర్’. ఆ ఒక్క మాట ఆధారంగా నా శ్రీమతి కూరల బండి దగ్గర వాడకట్టు ఆడవారితో స్నేహం కలిపింది. పది రోజుల్లో మా ఇంటి నుంచి పులిహోర వెళ్ళడం, వారింటి నుంచి థేప్లాలు రావడం మొదలైంది. ముప్పై ఐదేళ్ళు కార్యాలయంలో హిందీ వెలగబెట్టిన నేను మాత్రం ఉద్యానవనంలో బల్ల మీద ఒంటరిగానే కూర్చున్నాను. హోదా అడిగేవారు లేని చోట సంభాషణ ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియదని ఆ వయసులో తెలిసింది.

ఒక ఆదివారం మిత్రుడు నన్ను లింబాయత్ తీసుకువెళ్ళారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వచ్చిన పద్మశాలీలు, ఇతరులు తరాలుగా ఉంటున్న పేట అది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నదంటే మనవారి సంఖ్యను ఊహించవచ్చు. 1994లో ప్లేగు వార్తతో జనం నగరం విడిచి పారిపోయినప్పుడు వీరిలోనూ ఎందరో రైళ్ళెక్కారు. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు గారు ఆ నగరాన్ని శుభ్రతకు పేరెన్నికగన్నదిగా తీర్చిదిద్దారు. ఆయన మన తెలుగువారు కావడం గర్వకారణం.

అక్కడ సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనతో మాట్లాడాను. నలభై ఏళ్ళు మరమగ్గాల మీద పన్నెండేసి గంటలు పనిచేశాడు. మీటరు లెక్కన కూలి. భవిష్యనిధి లేదు, పింఛను లేదు. నేను రెండుసార్లు అడిగితే గాని ప్రశ్న వినిపించలేదు.

“సాంచెల చప్పుడుకు చెవులు పోయినై సారు. కండ్లు సుత మసకైనంక పని బంద్ జేసిన. మాకు రిటైరుమెంటంటే గదే” అన్నాడు నవ్వుతూ.

ఊరికి వెళ్ళాలని లేదా అని అడిగాను. “ఆడ ఇల్లు కూలిపోయింది. పిల్లలు ఈడనే ఉండిరి. ఏడికి పోదు?”

డెబ్బై ఏళ్ళు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరులో వచ్చింది. ఆయనకు డెబ్బై రెండు. కాని ఆధార్‌లో ఎవరో అంచనాగా వేసిన పుట్టిన తేదీ ప్రకారం అరవై ఏడే. సరిదిద్దాలంటే జనన ఆధారం చూపాలి. పాఠశాల గడప తొక్కని మనిషికి అది ఎక్కడ దొరుకుతుంది? మిత్రుడు ప్రతి ఆదివారం ఇటువంటివారి దరఖాస్తులు నింపడానికే అక్కడికి వస్తారని అప్పుడు తెలిసింది. ఆ రోజు రెండు పత్రాలు నేనూ నింపాను. పెద్దాయన పని మాత్రం జరగలేదు.

తిరుగు దారిలో కతార్‌గామ్‌లోని పాత డచ్చి, ఆంగ్ల శ్మశానాలు చూశాము. ఇంటి ముఖం మళ్ళీ చూడని వర్తకులకు, అధికారులకు గుమ్మటాలతో కట్టిన సమాధులు అవి. కేరళ మొక్కల మీద ‘హోర్టస్ మలబారికస్’ అనే మహాగ్రంథాన్ని వెలువరించిన డచ్చి అధికారి వాన్ రీడ్ సూరత్ వస్తూ 1691లో ఓడలోనే మరణించి ఇక్కడ నిద్రిస్తున్నాడు. సమాధుల వైభవంలోనూ ఇరు జాతులూ పోటీ పడ్డాయట. అవి చూస్తుండగా నాకు పెద్దాయన మాటే మెదిలింది. “ఏడికి పోదు?” అనేది ఆయనకు జవాబు లేని ప్రశ్న. పింఛను వెంట వచ్చే నాకు అది నోటుపుస్తకంలో బేరీజు వేసుకునే విషయం.

ఆ రాత్రి నా పద్దులు శ్రీమతికి చదివి వినిపించాను. అంతా విని, “ఇవన్నీ సరే. ఇక్కడ మీకు పనేమిటో అందులో రాశారా?” అని అడిగింది. రాయలేదు.

ఇల్లు అమ్మడం లేదు. శీతకాలం నాలుగు నెలలు సూరత్‌లో, తక్కిన కాలం గోదావరి ఒడ్డున అని ప్రస్తుతానికి నిశ్చయించుకున్నాము. త్వరలో విరమణ చేయబోయే మిత్రులకు నా మనవి ఒక్కటే. పిల్లల దగ్గరకు తరలే ముందు ఆసుపత్రుల జాబితా చూసుకోండి, వరద మట్టం అడగండి, తొందరపడి ఇల్లు అమ్మకండి. అక్కడ ఉదయం లేచి వెళ్ళడానికి ఒక పని కూడా వెదుక్కోండి. నాకు ఆదివారాల పని దొరికింది. వచ్చే నవంబరులో నా జీవన ప్రమాణ పత్రం సూరత్ నుంచే పంపుతాను. ఈలోగా సిరిసిల్లకు వెళ్ళి, ఆ పెద్దాయన వయసు నిరూపించే కాగితం ఏదైనా మిగిలి ఉన్నదేమో వెదకవలసి ఉన్నది.