మాడిసన్ ప్రయాణ సన్నాహము

రానున్న మే నెలలో మా మనుమరాలికి అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారు పట్టము నొసగుదురు. ఆ ఉత్సవము చూచుటకై మే మిరువురము మాడిసన్ నగరమునకు పోవలెనని సంక్రాంతినాడే నిశ్చయించితిమి. నిశ్చయించుట సులభమే. సన్నాహమే కష్టముగా నున్నది.

మాడిసన్ రెండు సరస్సుల నడుమనున్న ఇరుకైన నేలపై వెలసిన ఊరు. ఒకవైపు మెండోటా, మరియొకవైపు మొనోనా. నడుమ రాష్ట్ర శాసనసభా భవనము. దానికి కొంతదూరమున 1848లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయము. శీతకాలమున ఆ సరస్సులు గడ్డకట్టగా జనులు వానిపై నడతురట. మన చంద్రపూరులో ఎండ 45 డిగ్రీలు దాటు వేళకు అక్కడ చెట్లు చిగిర్చుచుండును. “మే నెలల్నే రాండ్రి తాతా, నాన్నమ్మకు చలి పడది” అని మనుమరాలు టెలిఫోనులో చెప్పినది.

ఆ ఊరిపేరు నాకు క్రొత్త కాదు. వెల్చేరు నారాయణరావుగారు 1971లో అక్కడి విశ్వవిద్యాలయమున చేరి మూడు దశాబ్దములకు మించి తెలుగు బోధించిరి. మన ప్రాచీన కవిత్వమును ఇంగ్లీషులోనికి తెచ్చిన ఆయన గ్రంథములు పెక్కు ఆ కాలమున వెలువడినవే. చంద్రపూరులో పుట్టిన నా మనుమరాలు మరాఠీ, ఇంగ్లీషు బడులలో చదివి, తెలుగు మాటలాడగలదు గాని చదువజాలదు. ఇన్నేండ్లకు, అంతదూరము పోయిన పిదప, పెద్దబాలశిక్ష తెమ్మని కోరినది. సంతోషింపవలెనో సిగ్గుపడవలెనో నాకు తోచలేదు.

ఇక వీసా సంగతి. మన సంఘములోని పెద్దలు కొందరికి ఈ కష్టము తెలియనిది కాదు. చూచిపోవుటకు వచ్చెదనన్న ప్రతివానిని అచ్చటనే నిలిచిపోదలచినవానిగా అమెరికా చట్టము ముందు భావించును. కాదని నిరూపించు భారము అర్జీదారునిదే. ఇంటి పత్రములు, పెన్షను కాగితములు, బ్యాంకు లెక్కలు సమకూర్చితిని. పాతపెట్టె తెరువగా బడి సర్టిఫికెట్టు దొరికినది. అందు పుట్టినయూరు చాందా, మధ్యప్రదేశ్ అని యున్నది. నేను పుట్టిన 1951లో ఈ జిల్లా ఆ రాష్ట్రములోనిదే. 1956లో బొంబాయి రాష్ట్రమున చేరినది, 1960లో మహారాష్ట్రమైనది, 1964లో చాందా చంద్రపూరైనది. జట్‌పురా దర్వాజా దాపున పుట్టి పెరిగిన నేను కదలకయే మూడు రాష్ట్రములవాడనైతిని!

ఇది నవ్వుకొనదగిన చిక్కు. “తిరిగి వత్తువా?” యను ప్రశ్న అట్టిది కాదు. మా బాపు కరీంనగరు ప్రాంతమునుండి బొగ్గుగని పనికై రెండేండ్లు ఉండిపోవుదమని వచ్చిరి. ప్రతి దసరాకును “వచ్చే ఏడు పోదాం” అనుచునే యుండిరి. ఆ మాటలో అబద్ధము లేదు, అయినను పోలేదు. ఆయన చితి ఇరయి నది యొడ్డున కాలినది. ఆయన కొడుకునైన నేను కిటికీ ముందర నిలిచి “తప్పక తిరిగి వత్తును” అని చెప్పవలెను. రాత్రులు ఈ వాక్యమును మనసులో వల్లించుకొనుచుండగా గొంతు బాపు గొంతువలెనే వినబడును.

నా భార్య కీ సందేహములు లేవు. “మనం రాకుంటే జామచెట్టుకు నీళ్లెవరు పోస్తరు? గదే చెప్పుండ్రి” అన్నది.

ముంబయిలోనైన మరాఠీలోను, హైదరాబాదులోనైన తెలుగులోను సమాధానము చెప్పవచ్చునట. “బాపూ, నీ నౌకరీ అంత మరాఠీలనే నడిచె గదా, ముంబయి పో” అని అబ్బాయి సలహా. నిజమే, ముప్పదియైదేండ్లు దస్త్రములన్నియు మరాఠీలోనే వ్రాసితిని. నా తెలుగు సగము మరాఠీ కలిసినది, హైదరాబాదులో నోరు విప్పగానే “మీదే ఊరు?” అని అడుగక మానరు. అయినను హైదరాబాదునకే తేదీ తీసికొంటిని. బల్లార్షానుండి సికిందరాబాదు సుమారు 370 కిలోమీటర్లే, నా భార్య మోకాళ్లు దూరప్రయాణమునకు ఓర్వవు. ఇంటిలో ఈ కారణమే చెప్పితిని.

షికాగోలో దిగి బస్సున మూడు గంటలు పోవలెను. శనివారములందు శాసనసభా భవనము చుట్టును రైతుల సంత కూడునని విని నా భార్య చేతిసంచి వేరుగా తీసి పెట్టుకొన్నది. ఆవకాయ కాగితముపై వ్రాసి చూపి తీసికొనిపోవచ్చును. పచ్చి కరివేపాకు మాత్రము నిషిద్ధము. పెద్దబాలశిక్షను పెట్టె యడుగున నేనే సర్దితిని. కరివేపాకు తీసివేయుటకు ఇంకను అనుమతి లభింపలేదు.