అంగిట్లో బొడిపె

పరదేశంలో ఉన్నప్పుడు ఒంట్లో ఏ చిన్న తేడా కనిపించినా అది కొండంతగా తోస్తుంది. ఇక్కడ కల్బాలో మాలో ఒకరికి చేపముల్లు గుచ్చుకుంది. నాలుకతో తడుముకుంటే అంగిలి నడుమ చింతగింజంత బొడిపె తగిలింది. నొప్పి లేదు గాని రాయిలా గట్టిగా ఉంది. మా అందరికీ క్యాన్సరే గుర్తుకొచ్చింది.

అందుకు కారణం లేకపోలేదు. మాది శ్రీకాకుళం వైపు. మా నాయనమ్మలు, అమ్మమ్మలు చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగినవాళ్లు. ఆ వేడికి, పొగకు అంగిలి తెల్లబారుతుంది, ఎర్రమచ్చలు పడతాయి, కొందరికి క్యాన్సర్ దాకా పోతుంది. డెన్మార్కుకు చెందిన పిండ్‌బోర్గ్, మన దేశపు వైద్యులతో కలిసి ఆంధ్రలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి 1971లో ఆ వివరాలు ప్రచురించారు.

పక్కనే ఉన్న ఫుజైరాలో దంతవైద్యురాలికి చూపించాం. ఆమె కళ్లతో చూసి, వేలితో నొక్కి, ఇది ఎముకే అన్నారు. దీని పేరు టోరస్ పాలటైనస్. ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, ఆడవాళ్లలో ఎక్కువ. పై దవడ బయటివైపు, చిగుళ్ల మీద వచ్చే ఎముక బొడిపెలూ ఇటువంటివే. సరిగ్గా మధ్యగీత మీద ఉండి, గట్టిగా ఉండి, పైపొర మామూలుగా ఉంటే సాధారణంగా ముక్క తీసి పరీక్షించే పని ఉండదు. అనుమానముంటే ఎక్స్‌రేనో స్కానో తీస్తారు.

వైద్యం ఏమిటంటే, దాని జోలికి పోకపోవడమే. కట్టుడు పళ్లు కూర్చోకపోయినా, మాటకు అడ్డొచ్చినా, మాటిమాటికీ పుండు పడుతున్నా కోసి తీసేస్తారు. ఎముకలు గుల్లబారకుండా బిస్ఫాస్ఫోనేట్ మందులు వాడేవాళ్లు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి. బొడిపె మీది పొర పలచన. గాయపడితే ఎముక బయటపడి మానకపోవచ్చు.

మెత్తగా ఉన్నా, ఓ పక్కకు ఉన్నా, త్వరగా పెరిగినా, రెండు వారాలకు మానని పుండయినా ఆలస్యం చేయరాదు.

ఆ రాత్రే ఊరికి ఫోను చేశాం. మా పెద్దమ్మ ఇప్పటికీ అడ్డపొగ మానలేదు. ఆవిడకు బొడిపె లేదు, నొప్పీ లేదు. అందుకే ఎవరూ ఆవిడ నోరు తెరిపించి చూడలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లమని తమ్ముడికి చెప్పాం. సెలవుకు వెళ్లే మనవాళ్లు కూడా ఇంట్లో పెద్దవాళ్లకు ఈ పరీక్ష చేయించి రావాలని మా మనవి.