ఎక్స్‌పీ ఒప్పుకునే బోర్డు

గవర్నర్‌పేటలో కంప్యూటర్ షాపులన్నీ రోడ్డు మీదికి కనిపించవు. ముందు వరసలో ఉండేవి ల్యాప్‌టాప్‌లు, ప్రింటర్లు అమ్మే అద్దాల కొట్లు. రిపేరు జరిగేది వాటి వెనక సందుల్లో, మేడ మీది గదుల్లో. నేను వెళ్లింది అలాంటి గదికే. మెట్ల పక్క గోడకి ‘చిప్ లెవెల్ సర్వీస్’ అని రాసి ఉంది. బెజవాడలో రిపేరు షాపు పెట్టిన ప్రతివాడూ ఆ మాట రాసుకుంటాడు. నిజంగా చిప్పు ఊడదీసి తిరిగి అతికించే మిషన్ ఉన్న షాపులు తక్కువ. ఇక్కడ మిషన్ అయితే ఉంది గాని, దాని మీద గుడ్డ కప్పి ఉంది.

“ల్యాప్‌టాప్ బోర్డయితే కూర్చుంటాం సార్. డెస్క్‌టాప్‌కి కూర్చుంటే కూలి గిట్టదు. బోర్డు మార్చెయ్యడమే,” అన్నాడు యజమాని. నలభై దాటిన మనిషి. మెడలో భూతద్దం వేలాడుతోంది.

మూడు గోడలకీ ఇనప రాకులు. వాటిలో బోర్డులు నిలువుగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని అంచుకి తెల్ల టేపు అంటించి స్కెచ్ పెన్నుతో రాశారు: జీ31, జీ41, హెచ్61, హెచ్81. పక్కనే సాకెట్ నంబరు: 775, 1155, 1150. ఆ నంబర్లు ప్రాసెసర్ కింద ఆనే పిన్నుల లెక్క. 775 సాకెట్ 2004లో వచ్చింది, 1155 వచ్చింది 2011లో. ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి ఇంటెల్ సాకెట్ మారుస్తూనే ఉంది. ప్రాసెసర్ నిక్షేపంలా ఉన్నా తర్వాతి తరం బోర్డు మీద కూర్చోదు. అందుకే ఈ గదిలో బోర్డు పోయిందనగానే ‘కొత్తది ఎంత’ అనే మాట రాదు, ‘పాతదేది’ అనే వస్తుంది.

నేనున్నప్పుడు బల్ల మీద ఉన్నది గుడివాడ నుంచి వచ్చిన సీపీయూ. దాన్ని పాత దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన పెద్దాయన అక్కడ డీటీపీ సెంటర్ నడుపుతారు. శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు ఆయన పని. ఈయనవి మరీ పాత పనిముట్లు: విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. పేజ్‌మేకర్‌కి 7 ఆఖరి వెర్షన్, అది 2001 నాటిది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న చెల్లు చెప్పేసింది. అయినా ఇరవై ఏళ్ల ఫైళ్లన్నీ వాటిలోనే ఉన్నాయి. పైగా అను తెలుగు యూనికోడ్ కాదు. లోపల ఇంగ్లిష్ అక్షరాల కోడ్లు ఉంటాయి, వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటే. ఆ ఫాంటు లేని మిషన్‌లో ఫైలు తెరిస్తే పెళ్లికొడుకు పేరున్న చోట బ్రాకెట్లు, కామాలు కనిపిస్తాయి.

“ఫ్యాను తిరుగుతోంది బాబూ, డిస్‌ప్లే రావట్లేదు,” అన్నారాయన.

రోజూ ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఇదేనట. ఈ మాట విన్నంత మాత్రాన బోర్డు పోయిందనుకోవడానికి లేదు. షాపు కుర్రాడు ముందు ర్యామ్ పీకి, దాని బంగారు పళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్దాడు. లాభం లేదు. ఇంకో ర్యామ్ పెట్టాడు. అదీ అంతే. తర్వాత కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ వంతు: 24 పిన్నుల కనెక్టర్ ఊడదీసి, ఆకుపచ్చ తీగనీ నల్ల తీగనీ చిన్న వైరు ముక్కతో కలిపాడు. ఫ్యాను తిరిగింది. మీటరు పెట్టి చూస్తే 12 వోల్టులు, 5 వోల్టులు సరిగ్గానే వస్తున్నాయి. నాణెమంత బ్యాటరీ తీసి కాసేపుంచి పెట్టాడు. ఈలోగా యజమాని భూతద్దం కంటికి పెట్టుకుని, ప్రాసెసర్ పక్కన వరసగా నిలబడ్డ కెపాసిటర్లని చూపుడువేలితో తడిమాడు. రెండింటి తల ఉబ్బింది. ఒకదాని నెత్తి మీద గోధుమరంగు పొక్కు కట్టింది.

“ఇక్కడే పోయింది మాస్టారూ.”

12 వోల్టుల్ని ప్రాసెసర్ తాగగలిగే ఒకటి, ఒకటింపావు వోల్టులకి దించాక, దాన్ని అలలు లేకుండా ఇచ్చేది ఆ వరసే. 2000 తర్వాతి కొన్నేళ్లు ప్రపంచమంతటా నాసిరకం ద్రవం పోసిన కెపాసిటర్లు బోర్డుల్లోకి చేరి లక్షల కంప్యూటర్లని చంపాయి. దీన్ని ఆ పాత పాపానికి ముడిపెట్టక్కర్లేదు. డెల్టా ఎండకి, ఏసీ లేని గదిలో ఇన్నేళ్లు పనిచేస్తే ఎంత మంచి కెపాసిటరైనా ఎండిపోతుంది. రెండు కెపాసిటర్లు మార్చొచ్చు కదా అని అడిగాను. మార్చొచ్చట. ఆర్నెల్లకి పక్కది ఉబ్బుతుందట.

అసలు పని అక్కడ మొదలైంది. ఊడదీయడం, బిగించడం కుర్రాడు చూసుకుంటాడు. బోర్డు ఎంచడం మాత్రం యజమాని ఎవరికీ వదలడు. ఇండియన్ బ్రాండ్ల పేరుతో హెచ్61 బోర్డులు ఇప్పటికీ కొత్తగా పెట్టెల్లో వస్తున్నాయి. ఇంటెల్ ఆ చిప్‌సెట్‌ని ఎప్పుడో వదిలేసింది, 2013లో డెస్క్‌టాప్ బోర్డుల వ్యాపారం నుంచే తప్పుకుంటానని ప్రకటించింది. మన బజారు మాత్రం హెచ్61ని వదలలేదు. రెండో తరం, మూడో తరం ఐ3 ప్రాసెసర్లు దేశంలో అన్ని ఆఫీసుల్లో పడున్నాయి మరి. కుర్రాడు కొత్త పెట్టె ఒకటి తీశాడు. యజమాని తల అడ్డంగా ఊపాడు.

కారణం సీపీయూ వెనక వేలాడుతోంది. అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ బిళ్ల, ప్రింటర్ పోర్టుకి తగిలించేది. దాన్ని ‘లాక్’ అంటారు. పెద్దాయన ఒకప్పుడు డబ్బు పెట్టి కొన్న ఇంకో టైపు సాఫ్ట్‌వేర్‌కి అదే తాళంచెవి. పోర్టు లేకపోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. యూఎస్‌బీ నుంచి ఆ పాత పోర్టుకి మార్చే కేబుళ్లు బజార్లో దొరుకుతాయి గాని, అవి ప్రింటర్లకి తప్ప లాకులకి సాధారణంగా పనికిరావు. లాక్‌ని వెతికే ప్రోగ్రాం నేరుగా 378 అనే పోర్టు చిరునామాకి వెళ్లి తలుపు కొడుతుంది, యూఎస్‌బీ కేబుల్ ఆ చిరునామాలో ఉండదు. అంచేత ఆ పోర్టున్న బోర్డే కావాలి, ఎక్స్‌పీకి డ్రైవర్లున్న తరం కావాలి, పాత క్యాబినెట్‌లో పట్టాలి. “నాలుగో తరం నుంచి ఎక్స్‌పీతో తంటానే సార్,” అన్నాడు యజమాని. వెతగ్గా వెతగ్గా కింది రాకులోంచి ఒక సెకండ్‌హ్యాండ్ హెచ్61 బయటికొచ్చింది. వెనకవైపు ఆ పోర్టు లేదు గాని, బోర్డు మూల ‘ఎల్‌పీటీ’ అని సన్నగా రాసి, రెండు వరసల పిన్నులున్నాయి. వాటికి పట్టీ కేబుల్ తగిలించి పోర్టుని బయటికి తేవచ్చు. కొత్త బోర్డుని కాదని పాత బోర్డుకి ఓటెయ్యడం నాకు ముందు వింతగా తోచింది. ఆ పిన్నులు చూశాక ఇంకేమీ అడగలేదు.

బిగించే ముందు హార్డ్ డిస్క్‌ని ఇంకో డిస్క్‌లోకి పూర్తిగా కాపీ చేశారు. ఈ ఒక్క అలవాటు వల్ల ఈ షాపు మీద నాకు గౌరవం కలిగింది. చాలాచోట్ల ఈ మెట్టు ఎగ్గొడతారు.

సాకెట్ మూత తీసి, యజమాని లైటు పక్కవాటుగా పట్టాడు. 1155 పిన్నులు ఒకే వాలులో మెరిశాయి. ఒక్కటి మాత్రం మెరవలేదు. కుట్టుసూది మొనతో, ఊపిరి బిగబట్టి, దాన్ని ఎత్తి వరసలో కలిపాడు. ఈ బోర్డుకి సరిపడే వేరే ప్రాసెసర్‌ని రెండు వేళ్లతో అంచులు పట్టుకుని, గాట్లు సరిచూసి, నొక్కకుండా వదిలాడు. దానంతటది కూర్చోవాలి. లివర్ దించేటప్పుడు కిర్రుమంది. తెలియనివాడికి ఆ చప్పుడు గుండెల్లో రాయి పడేస్తుంది. పైన శనగగింజంత పేస్టు, దాని మీద ఫ్యాను. ఫ్యాను నాలుగు కాళ్లనీ ఎదురుబొదురుగా నొక్కాలి, ఒకవైపు రెండూ ముందే నొక్కితే రెండోవైపు లేస్తుంది.

క్యాబినెట్‌లో వెంటనే బిగించలేదు. బోర్డుని అట్టపెట్టె మీదే ఉంచి, ర్యామ్ ఒకటి, కరెంటు కనెక్టర్లు రెండు తగిలించి, స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో తాకించాడు కుర్రాడు. చిన్న స్పీకర్ ఒకసారి ‘బీప్’ అంది. “లేచిందన్నా!” అన్నాడు. అప్పుడు ఇత్తడి బుడిపెల సంగతి. క్యాబినెట్ రేకుకీ బోర్డుకీ మధ్య ఎడముంచేవి అవే. పాత బోర్డు కోసం పెట్టిన బుడిపె ఒకటి కొత్త బోర్డుకి రంధ్రం లేని చోట ఉంది. దాన్ని తీయకపోతే బోర్డు వెనక టంకాలకి తగిలి షార్టవుతుంది. కొత్త బోర్డులు బిగించిన పూటే పోవడానికి ఇదో కారణమట. వెనకవైపు రేకు ఈ బోర్డుకి సరిపోలేదు. ఖాళీని అలా వదిలేస్తే బల్లి దూరుతుందని దోమల జాలీ ముక్క కత్తిరించి అతికించారు. ఏ మాన్యువల్‌లోనూ ఈ మెట్టు ఉండదు.

ఇంత సజావుగా నడిచాక, ఎక్స్‌పీ బొమ్మ వచ్చింది, నీలం తెర మెరిసింది, మిషన్ మళ్లీ మొదటికొచ్చింది. పెద్దాయన కుర్చీలోంచి లేచారు. “కూర్చోండి మాస్టారూ, సెవెన్ బీ,” అన్నాడు యజమాని తెర వంక చూస్తూనే. డిస్క్‌తో ఎలా మాట్లాడాలో ఎక్స్‌పీకి తెలియనప్పుడు వచ్చే నంబరు అది. బోర్డు ఏహెచ్‌సీఐ పద్ధతిలో డిస్క్‌ని చూపిస్తోంది. ఎక్స్‌పీ పుట్టేనాటికి ఆ పద్ధతి లేదు. బయోస్‌లోకెళ్లి సాటా మోడ్‌ని ఐడీఈకి మార్చాడు. ఒక్కోసారి దీంతో లేవదు, సీడీ పెట్టి రిపేర్ ఇన్‌స్టాల్ కొట్టాల్సి వస్తుంది. ఈసారి లేచింది. లేస్తూనే డిస్క్ చెకింగ్ మొదలుపెట్టింది.

అది సాగుతుండగా వరద మాటొచ్చింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారుతోంది. ఊరంతా పెద్ద నదికేసి చూస్తుంటే ఇళ్లలోకి వచ్చింది మాత్రం వాగు నీళ్లు. నీళ్లు తీశాక ఈ మెట్ల మీద సీపీయూలు బారులు తీరాయట, ఒక్కోదాంట్లో బెత్తెడు ఒండ్రు. వాటితో తాము నేర్చుకున్నది యజమాని చెప్పాడు. మునిగేటప్పటికి ప్లగ్గు పీకేసి ఉన్న బోర్డులు కొన్ని బతికాయి. మిషన్ ఆపేశాం కదా అనుకుని ప్లగ్గు వదిలేసినవి పోయాయి. మిషన్ ఆగి ఉన్నా, గోడ దగ్గర కరెంటు ఉన్నంతసేపూ 5 వోల్టులు బోర్డులోకి వస్తూనే ఉంటాయి మరి. ప్లగ్గు పీకినవాటిలో కూడా నాణెం బ్యాటరీ చుట్టూ పచ్చగా కిలుం పట్టింది. 3 వోల్టులే అయినా, బురదనీళ్లలో రోజుల తరబడి రాగిని తినెయ్యడానికి చాలు. కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి, నీడన ఆరబెట్టారు. అన్నిటికంటే కష్టం హార్డ్ డిస్కులతో వచ్చింది. మామూలు డిస్క్‌కి గాలి ఆడే సన్నటి రంధ్రం ఉంటుంది, నీళ్లు అందులోంచి లోపలికి పోతాయి. “బోర్డు నేనివ్వగలను. ఫొటోలు ఎక్కణ్ణుంచి తేను?” అన్నాడు.

ఈ మధ్యలో ఒక కాలేజీ కుర్రాడు వచ్చి, తన పాత సిస్టంకి విండోస్ 11 పడుతుందా అని అడిగాడు. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పదకొండుకి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్‌లో అయితే మామూలుగా ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి. “బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మార్చాలి తమ్ముడూ. మారిస్తే విండోస్ దాన్ని కొత్త కంప్యూటరే అనుకుంటుంది, లైసెన్సు మళ్లీ చూసుకోవాలి.” ఆ కుర్రాడు క్యాబినెట్ మాత్రం ఉంచుకోవచ్చన్న మాటకి సంతోషించి వెళ్లాడు. ఆ సంతోషం వెనక 1995లో ఇంటెల్ గీసిన ఏటీఎక్స్ కొలతలున్నాయి. మరల చోట్లు, వెనక రేకు సందు ఇన్నేళ్లుగా పెద్దగా మారలేదు. కంపెనీ బ్రాండెడ్ సెట్లు కొన్నింట్లో ఈ వెసులుబాటు లేదు. వాటి పవర్ కనెక్టరే వేరుగా ఉంటుంది, బజారు బోర్డు పట్టదు. అసెంబుల్డ్ సెట్టుని చులకనగా చూసేవాళ్లు ఈ గదికి ఓసారి రావాలి.

డిస్క్ చెకింగ్ అయింది. డ్రైవర్లు వేశారు. పట్టీ కేబుల్ చివర లాక్ తగిలించి పెద్దాయన తానే మౌస్ పట్టుకున్నారు. టైపు సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. పేజ్‌మేకర్‌లో ఒక శుభలేఖ తెరిచి, ‘క్ష’ వత్తు సరిగ్గా పడిందా లేదా అని తెరకి ముక్కు ఆనించినంత దగ్గరగా చూశారు.

బిల్లు దగ్గర బేరం నడిచింది. బోర్డుకీ ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ అడిగినంతా ఇచ్చి, కూలి నాలుగొందలు అనగానే “స్క్రూలు బిగించినందుకేనా?” అన్నారు పెద్దాయన. ఎల్‌పీటీ పిన్నుల కోసం రాకులన్నీ గాలించింది, సూదితో పిన్ను లేపింది, సెవెన్ బీని తెర చూడగానే పట్టుకున్నది బిల్లులో ఏ గడిలో రాయాలి? ఇనుముకి ధర కట్టి, తెలిసినతనానికి కట్టకపోవడం మన బజార్లకి ఉన్న పాత రోగం. మూడొందల యాభైకి తెగింది.

పాత బోర్డు షాపులోనే ఉండిపోయింది. బయోస్ చిప్పు, పనికొచ్చే కనెక్టర్లు తీసుకున్నాక మిగతాది కిలోల లెక్కన తుక్కుకి పోతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అది రిజిస్టరైన రీసైక్లర్‌కి చేరాలి. సందులోకి వచ్చేది మాత్రం తోపుడుబండి.

దుప్పటి మళ్లీ చుడుతూ పెద్దాయన అడిగారు: “ఇలాంటిదే ఇంకోటుంటే ఇవ్వు బాబూ, ఇంట్లో పెట్టుకుంటా.”

“పిన్నులున్నది ఇదొక్కటే మాస్టారూ. దొరికితే ఫోన్ చేస్తా. తీసుకున్నా బీరువాలో పడేసి మర్చిపోకండి. బ్యాటరీ తీసి విడిగా పెట్టండి, మూణ్ణెల్లకోసారి కరెంటిచ్చి లేపండి.”

“మూణ్ణెల్లకోసారి లేపేదానికి బీరువా ఎందుకు? పక్కన ఇంకో మిషనే పెట్టుకోనా?”

“అదే మంచిది,” అన్నాడు యజమాని. “ఈసారి ఆ ఫైళ్లన్నీ యూనికోడ్‌లోకి మార్పించుకోండి.”

“మార్చి చూశాలే. వత్తులన్నీ చెదిరిపోయాయి. ప్రూఫు ఎవరు దిద్దుతారు, నువ్వొస్తావా?” అంటూ ఆయన సీపీయూ చంకన పెట్టుకుని మెట్లు దిగారు.