కాసిల్ రాక్ కోటలో నాలుగు ఆదివారములు

సోదరీమణులు కాశీ రామేశ్వరములను గూర్చియు, హంపీ శిథిలములను గూర్చియు యాత్రావ్యాసము లెన్నియో చదివియుందురు. మేమిప్పుడు వ్రాయబూనిన కోటకు రైలు లేదు, బండి లేదు, మూటముల్లె కట్టుకొనవలసిన పనియు లేదు. అయినను మేము దానియందు నాలుగు ఆదివారములు తిరిగితిమి, దారి తప్పితిమి, ఒకటికి మూడుమారులు నీట మునిగితిమి. కావున దీనిని యాత్ర యనుటకు మాకు సంకోచము లేదు.

ఆ కోట పేరు కాసిల్ రాక్. అంటార్కిటికా మంచుబయళ్లలో నది యున్నట్లు కల్పించిరి. కల్పించినవారు నెదర్లాండ్సు దేశమున రాటర్‌డామ్ నగరమందలి టోటల్ మేహెమ్ గేమ్స్ అను చిన్న సంస్థవారు. 2017వ సంవత్సరమున ‘వి వర్ హియర్’ అను పేరుతో నీ కంప్యూటరు ఆటను వెల పుచ్చుకొనకయే లోకమునకు విడిచిరి. ‘మేమిచ్చట నుంటిమి’ అని యా పేరునకు అర్థము. దీనిని ఒంటరిగా నాడ వీలులేదు, ముగ్గురు కూడియు నాడరాదు. ఇరువురే యుండవలెను; ఆ యిరువురును వేరువేరు చోటుల చిక్కుకొని యుండవలెను. ఒకరికి గ్రంథాలయము, అందు పుస్తకములు, పటములు, బొమ్మలు. రెండవవారికి కోటలోని గదులు, వాని తలుపులు, తాళములు, అపాయములు. చిక్కుముడి యొకరియెదుట, దానిని విప్పు ఉపాయ మొకరిచేత. ఇరువురి నడుమ నున్నది ఒక్క వాకీటాకీ మాత్రమే. అందును ఒకరు మీట నొక్కి మాటలాడుచుండగా రెండవవారి మాట వినబడదు. ఒకరి మాట ముగియువరకు వేరొకరు నోరు మెదపరాదన్న యీ నియమము ఆడవారి కెంత కష్టమో మా వారు నవ్వుచు ననిరి. వారి బడిలో ఉపాధ్యాయుల సభలు జరుగు తీరును వారే యింటికివచ్చి చెప్పియున్నారు గనుక మేము బదులు చెప్పలేదు.

మాతోడి యాత్రికురాలు మా బాల్యస్నేహితురాలు. తెనాలిలో మా యింటిగోడయు వారి యింటిగోడయు నొక్కటే. ఎనిమిదవయేట మా బొమ్మను వారి బొమ్మకిచ్చి పెండ్లి చేసితిమి. నాటనుండి వియ్యపురాండ్రమై ఒకరినొకరము ‘వదినా’ అనియే పిలుచుకొందుము. వదిన పెండ్లియై అమెరికాలో డల్లాసు చేరి పదునాలుగేండ్లయినది. మొదట దినమున కొకమారు, పిమ్మట వారమున కొకమారు, పిమ్మట పండుగలకు మాటలాడుకొనుచు వచ్చితిమి. రెండేండ్లక్రిందట వారి తల్లిగారు, మేము పిన్నిగారని పిలుచు నామె, కాలము చేసిరి. కాగితములు సమయమునకు చేతికి రానందున వదిన రాలేకపోయెను. కడపటి దినములలో పిన్నిగారి మంచముకడ మేమే యుంటిమి. అటుపిమ్మట మా మాటలు కూర లేమి వండితి రనుటతో మొదలై పిల్లలు నిద్రపోయిరా యనుటతో ముగియుచుండెను. చెప్పవలసిన దానిచుట్టును ఇరువురము తిరుగుచుంటిమి కాని లోనికి పోలేదు.

ఈ ఆటను మా పెద్దవాడు కనుగొనెను. వాని మిత్రునితో నాడి, ‘అమ్మా, నీవును అత్తయ్యయు ఆడవలసిన ఆట యిది’ అనెను. వాడు హాస్యమునకే యన్నాడేమో. వదిన మాత్రము వెంటనే ఒప్పుకొనెను. వేసవి కావున మాకు ఆదివారము ఉదయ మారు గంటలగునప్పటికి డల్లాసులో శనివారము సాయంకాల మేడున్నర. ఇచ్చట పాలు కాగకముందు, అచ్చట వంటిల్లు సర్దిన పిమ్మట.

చిక్కుగదుల ఆటలు క్రొత్తవి కావు. జపానుదేశమున టకాగి తొషిమిట్సు అనునతడు 2004లో ‘క్రిమ్సన్ రూమ్’ అను నెఱ్ఱని గదిని కంప్యూటరు తెరపై నిర్మించెను. ఆ గదినుండి బయటపడుటయే ఆట. 2007లో క్యోటో నగరమున కాటో టకావో, తన స్క్రాప్ సంస్థ తరఫున, మనుష్యులను నిజమైన గదిలోనే విడిచి తాళమువేయు ఆటను నడపెను. 2011లో హంగరీ రాజధాని బుడాపెస్టున పారాపార్క్ వెలసెను. నేడు హైదరాబాదులోను రుసుము చెల్లించి తాళము వేయించుకొను గదులున్నవి. తెరనుండి గదికిని, గదినుండి మరల తెరకును వచ్చిన యీ వినోదము చదువుకొనిన వారికి వింత కాదు. భారతమున లక్కయిల్లు మరి యేమి? విదురుడు పదిమందియెదుట ధర్మరాజుతో నితరులకు తెలియని మాటలలో హెచ్చరిక చెప్పెను. అగ్ని అడవిని కాల్చును గాని బిలమందలి ప్రాణిని కాల్చదని దానిలో నొక మాట. కుంతికి నర్థము కాక కుమారుని పిమ్మట నడిగెను. ఖనకుడు వచ్చి సొరంగము త్రవ్వెను. లోనివారి కపాయము, బయటివారికి ఉపాయము, నడుమ గూఢమైన మాట. తాతగారివద్ద ఆ ఘట్టము చదివిననాడు విదురుడు తిన్నగా చెప్పరాదా యని మేము విసుగుకొంటిమి. తిన్నగా చెప్పుటయే ఎంత కష్టమో ఈ కోటలో తెలిసినది.

మొదట గోడలమీది గుర్తులు. వాని రూపము వదిన చెప్పవలెను. మేము గ్రంథాలయమున వెదకి, ఏది యేమిటో తెలుపవలెను. ‘ఒక కొమ్మున్నది, క్రింద తోక యున్నది’ అనెను. మాకు దొరకలేదు. ‘కొమ్ము వంగినదా?’ ‘కొమ్ము వంగకుండునా?’ పావుగంట గడచిన పిమ్మట తేలినదేమనగా, వదిన చెప్పినది ఎద్దుకొమ్ము కాదు, అక్షరముల క్రింద కుడివైపున వ్రాయు కొమ్ము! ఇరువురమును మా తాతగారి అరుగుమీదనే ఓనమాలు దిద్దితిమి. అంతట దారి తెలిసెను. వట్రుసుడి వెనుకకు త్రిప్పినట్లు, గుడికి దీర్ఘము లేనట్లు, క్రావడి పైకి వ్రాసినట్లు అని చెప్పుకొనుచు గుర్తులన్నియు గడియలో పట్టితిమి. మా పెద్దవాడు వెనుక నిలిచి, మీరు ఏ భాష మాటలాడుచున్నారని యడిగెను. వానికి వట్రుసుడి యననేమో తెలియదు. అందుకు బడిని నిందింతుమన్న మా వారు ప్రక్కనే యున్నారు.

చీకటిదారులలో కుడియెడమల తగవు వచ్చెను. పటము మాచేత, నడక వదినది. ఎడమ యనగా పటములోని యెడమయా, తన యెడమయా? ఆమె గోడకు తగిలినపుడెల్ల మేము కసరితిమి. తుదకు ‘అన్నము తిను చేతివైపు’ అని కుడిని స్థిరపరచుకొంటిమి. మా వంటింటి కుక్కరు ఆ సమయముననే కూతవేసెను. కోటలో నేదియో భూతము తరుముకొని వచ్చుచున్నదని వదిన పరుగెత్తి, వచ్చిన దారి యంతయు పోగొట్టుకొనెను. కుక్కరును మేము తప్పుపట్టము. ఇడ్లీల వేళ మించుచుండెను.

చలి, చీకటి, కోటలోని నిశ్శబ్దము కలసి ఈ ఆట కొంత భయంకరముగానే యుండును. చిన్నపిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని యాడుట మంచిది కాదు. రెండు గంటలలో ముగింపవచ్చునందురు. మాకు నాలుగు ఆదివారములు పట్టెను. మాటలు ఇంగ్లీషులో నుండుటయు నొక యిబ్బందియే గాని, కోటలో మనకు గావలసిన మాటలు మనవే గనుక అది పెద్ద యడ్డు కాలేదు.

మూడవ ఆదివారమున నీటిగదికి వచ్చితిమి. వదినయున్న గదిలో నీరు పొంగుచుండును. చక్రములవంటి మీటలు ఎట్లు త్రిప్పవలయునో మేము చెప్పవలెను. మొదటిమారు మేము తొందరలో రెండింటిని తారుమారు చేసితిమి. వదిన మునిగెను. మునిగినచో మరల ఆ గదియే. రెండవమారు మేము సరిగా చెప్పితిమి గాని, ఆమె మీట నొక్కి తన మాట తాను చెప్పుచున్నందున మా మాట చేరలేదు. మరల మునిగెను. మాకు కోపము వచ్చి, ‘నీవెప్పుడును ఇంతే, వినవలసిన వేళ వినవు’ అంటిమి. అని, నాలుక కరచుకొంటిమి. ఆవలినుండి చప్పుడు లేదు.

మూడవమారు నీరు పొంగ నారంభించెను. మేము చక్రముల క్రమము చెప్పబోవునంతలో వదిన గొంతు వినబడెను. ‘వదినా, అమ్మ కడపటి దినమున నాకొరకు అడిగినదా?’

ఆమె మీట విడిచెను. ఇక మాటలాడవలసినది మేమే. ఎదుట మా పుస్తకములు, పటములు నున్నవి. వానిలో నీ ప్రశ్నకు బదులు లేదు. పిన్నిగారు ఆనాటి మధ్యాహ్నము రెండుమారు లడిగిరి: ‘అమ్మాయి వచ్చినదా?’ మేము ‘దారిలో నున్నది పిన్నిగారూ’ అంటిమి. అది అబద్ధము. అంతకు ముందురాత్రియే ప్రయాణము కుదరదని వదిన మాతో చెప్పి యేడ్చియుండెను. పిన్నిగారు ఆ మాట విని, ‘అయితే గుమ్మమున దీపము పెట్టండి’ అనిరి. పెట్టితిమి. సంధ్యవేళకు వారు పోయిరి. రెండేండ్లుగా మేము వదినతో చెప్పలేకపోయినది ఇదియే: ఆమె రాకపోవుట కాదు, మేము వచ్చుచున్నదని చెప్పుట.

మీట నొక్కి, ఉన్నది ఉన్నట్లు చెప్పితిమి. అబద్ధమును చెప్పితిమి, దీపమును చెప్పితిమి. నొక్కియున్నంతసేపు ఆమె యేడ్చుచున్నదో, కోపించినదో మాకు వినబడదు. అందుచేతనే యేమో తుదివరకు చెప్పగలిగితిమి. ముఖ మెదురుగా నున్నను, సామాన్యమైన ఫోనైనను, నడుమనే ఆపియుందుము. చెప్పి మీట విడిచితిమి.

చాలసేపు ఏమియు లేదు. ఆటలో నీరు నిండి వదిన మూడవమారును మునిగెను.

గది మరల మొదటికి వచ్చిన పిమ్మట ఆమె గొంతు వచ్చెను. ‘ఏ దీపము పెట్టితిరి?’ అని యడిగెను. ‘ఇత్తడి కుందె, మీ అమ్మమ్మగారిది’ అంటిమి. ‘అది నాకు దాచియుంచుము’ అనెను. పిమ్మట, ‘మొదట ఏ చక్రము?’ అనెను. ఒక్కొక్కటియే చెప్పితిమి, ప్రతిదానికి ‘అయినది’ అని చెప్పి మీట విడుచుచు వచ్చెను. నీరు మోకాలివరకు వచ్చి తగ్గెను.

నాలుగవ ఆదివారమున కోటనుండి బయటపడు ఘట్టమును జూచితిమి. దానిని వ్రాసిన ఆడబోవువారికి రుచి చెడును గనుక వ్రాయము. ఈ సంస్థవారే 2018లో ‘వి వర్ హియర్ టూ’ అను రెండవ ఆటను, 2019లో మూడవదానిని, 2022లో నాలుగవదానిని విడిచిరి. రెండవదానిని వెల యిచ్చి కొంటిమి. కుందె దసరా సెలవులలో డల్లాసు పోవుచున్న పొరుగువారి పెట్టెలో పెట్టితిమి. బరువెక్కువని వారు చీరలు రెండు తీసివేయవలసి వచ్చినది, పాపము. ఈమారు వదిన పటము తనకు గావలెననుచున్నది. నీట దిగవలసినవారము మేము.