అలిగిన రోజు పేజీ

సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ కబురు చేయగానే, ఆరో తరగతిలో ట్రంకు పెట్టెతో ఈ హాస్టల్ గేటు ముందు నిలబడి ఏడ్చిన రోజు గుర్తుకొచ్చింది. ఇప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. పెద్ద పెద్ద విషయాలు రాయడం నాకు చేతకాదు. అందుకే నా నోటుబుక్కు గురించి రాస్తున్నాను.

దాన్ని బుల్లెట్ జర్నల్ అంటారు. చదువులో మనసు నిలవక ఇబ్బంది పడ్డ రైడర్ కారల్ అనే అమెరికా డిజైనర్ తన కోసం కల్పించుకున్న పద్ధతి ఇది. 2013లో అందరికీ చెప్పాడు. చేయాల్సిన పని ముందు ఒక చుక్క పెట్టాలి. పని అయితే ఆ చుక్క మీద ఇంటూ గుర్తు వేయాలి. కాకపోతే బాణం గుర్తు వేసి వచ్చే నెలకు జరపాలి. అంతే. చుక్కల కాగితాల పుస్తకాలు అమ్ముతారు కానీ వాటి ధర మనకు అందదు. నేను మామూలు లాంగ్ నోటుబుక్కులో స్కేలు పెట్టి చుక్కలు నేనే పెట్టుకున్నాను.

పండుగ నెలలో ఆ పేజీలను అలంకరించడం ఒక సరదా. నా రూమ్మేట్ ఫోనులో చూసిన వీడియోల్లో అక్టోబరు పేజీ నిండా కళ్లూ పళ్లూ ఉన్న గుమ్మడికాయలే. మనకు అక్టోబరులో గుమ్మడి అంటే బతుకమ్మలో పెట్టే పూవు కదా! 2024లో బతుకమ్మ అక్టోబరు 2న మొదలై 10న ముగిసింది. తొమ్మిది రోజులకు తొమ్మిది గళ్లు గీశాను. ఎంగిలిపూల, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల, సద్దుల. ఒక్కో గడిలో ఒక్కో పువ్వు. తంగేడుకు పసుపు స్కెచ్ పెన్ను, గునుగుకు గులాబీ రంగు. ఆరో గడి మాత్రం ఖాళీగా ఉంచాను. అలిగిన బతుకమ్మ నాడు బతుకమ్మను పేర్చరు కదా.

కాజీపేటలో రైలెక్కి, మంచిర్యాలలో దిగి, ఆటోలో రామకృష్ణాపూర్ చేరాను. నాన్న బొగ్గు గనిలో కాంట్రాక్టు కార్మికుడు. ఆ ఏడాది సింగరేణి లాభాల నుంచి కాంట్రాక్టు కార్మికులకు కూడా మొదటిసారి ఒక్కొక్కరికి 5,000 రూపాయలు ప్రకటించారు. దానితో ఇంట్లో పండుగ రెండింతలైంది. తమ్మునికి చెప్పులు, అమ్మకు చీర, నా పరీక్ష ఫీజు. ఆ లెక్క కూడా నోటుబుక్కులో రాశాను.

ఆరో రోజు, 7వ తేదీ సోమవారం. వాకిట్లో కూర్చుని పేజీకి రంగులు వేస్తున్నాను. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"గీ ఒక్క డబ్బ ఖాళీ ఎందుకున్నది బిడ్డా? గీడ ఏం రాసినవ్?"

పరీక్షల చికాకులో ఉన్నాను. తలెత్తకుండానే, "చెప్పినా నీకేం తెలుస్తదమ్మా, చదువు రాకపాయె" అన్నాను.

అమ్మ ఏమీ అనలేదు. లేచి లోపలికి పోయింది. అలగడానికి దేవతకైతే ఒక రోజు ఉంది. అమ్మకు ఆ రోజు కూడా లేదు. కాసేపటికే అన్నానికి పిలిచింది.

తినేటప్పుడు తలుపు వెనక గోడ కనిపించింది. చిన్నప్పటి నుంచి చూస్తున్న గోడే. బొగ్గు ముక్కతో గీసిన నిలువు గీతలు పాల లెక్క. నాగాలకు అడ్డగీత. చిట్టీ కట్టిన నెలలకు సున్నాలు. నాన్న రాత్రి షిఫ్టులకు నిండు చుక్కలు. అయిన వాటిని కొట్టేసింది, కాని వాటిని పక్కకు జరిపి మళ్లీ గీసింది. ఒక్క అక్షరం రాకుండా అమ్మ ఇన్నేళ్లు ఇల్లు నడిపింది ఈ గుర్తులతోనే. నేను వీడియోలు చూసి నేర్చుకున్నది మా ఇంటి గోడ మీద అప్పటికే ఉంది.

నా నోటుబుక్కులో జూన్ నుంచి ప్రతి నెలా బాణం గుర్తుతో ముందుకు జరుగుతున్న పని ఒకటి ఉంది. 'అమ్మకు సంతకం నేర్పాలి.' నా హాస్టల్ దరఖాస్తు మీద ఉన్నది అమ్మ వేలిముద్రే.

రాత్రి గిన్నెలు కడిగాక పుస్తకం తీసుకుపోయి అమ్మ ముందు పెట్టాను. తప్పయిందని నోటితో అనలేకపోయాను. "అమ్మా, ఈ ఖాళీ డబ్బల నువ్వు ఏదన్న వెయ్యి" అన్నాను. అమ్మ నా చుక్కలను చూసింది. "గివి ముగ్గు సుక్కలే గద" అని నవ్వి, పెన్నును ముగ్గుపిండి పట్టినట్టు పట్టుకుని, చెయ్యి ఎత్తకుండా మెలికల ముగ్గు వేసింది. నా స్కెచ్ పెన్ను పువ్వులన్నీ దాని ముందు వెలవెలబోయాయి.

అదే పేజీ కింద అమ్మ పేరు రాసి దిద్దించాను. పేరులో మూడక్షరాలు. సద్దుల బతుకమ్మ నాటికి రెండు వచ్చాయి. మూడోది తిరగబడుతూనే ఉంది. తిరుగు ప్రయాణం రోజు ఆ పని ముందు మళ్లీ బాణం గుర్తు వేస్తుంటే, అదేంటని అడిగింది. ఇంకా కాలేదు, వచ్చే నెలకు జరుపుతున్నానని చెప్పాను.

"జరుగనియ్యి. మిగిలింది ఒక్కటే గద" అంది.

చెల్లెళ్లారా, మీరూ నోటుబుక్కులకు రంగులు వేసుకోండి, పువ్వులు అతికించుకోండి. పండుగ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మాత్రం ఆ పుస్తకాన్ని ఒకసారి అమ్మ చేతికివ్వండి. మీ దరఖాస్తు మీద వేలిముద్ర వేసిన చెయ్యి ఏం గీస్తుందో చూడండి.